మెదడు స్కానులు, బౌద్ధ ధ్యానం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈ నెల బెంగళూరు పాఠకులు రాసిన ఉత్తరాలలో చాలా భాగం ధ్యానం గురించినవే. కొందరు విజ్ఞానశాస్త్రం ధ్యానాన్ని రుజువు చేసిందా అని అడిగారు, కొందరు తమ ఇంట్లో తలెత్తిన ఇబ్బందిని రాసి సలహా కోరారు. వాటిలో ఐదింటికి ఇక్కడ సమాధానమిస్తున్నాను.

ప్రశ్న: నేను మారతహళ్ళిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. మా ఆఫీసులో ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ ఏర్పాటు చేశారు. రోజూ కొంతసేపు శ్వాసను గమనిస్తే మెదడులో ధూసర పదార్థం (నాడీకణాలు గుమిగూడి ఉండే బూడిదరంగు భాగం) పెరుగుతుందని, ఇది హార్వర్డ్‌లో రుజువైందని శిక్షకుడు చెప్పారు. కడప నుంచి ఫోన్ చేసిన నాన్నగారు మాత్రం ఇదంతా వ్యాపారమేనని కొట్టిపారేశారు. ఎవరి మాట నమ్మాలి?

సమాధానం: ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, కాని ఏ ఒక్కరి మాటా పూర్తిగా నిలవదు. మీ ఆఫీసులో నేర్పుతున్న పద్ధతికి మూలం 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ మొదలుపెట్టిన ఎనిమిది వారాల కార్యక్రమం. మందులతోనూ శస్త్రచికిత్సలతోనూ తగ్గని దీర్ఘకాలిక నొప్పులతో బాధపడే రోగుల కోసం ఆయన దాన్ని రూపొందించారు. విపస్సన, జెన్ అనే బౌద్ధ ధ్యాన సంప్రదాయాల నుంచి సాధనను తీసుకుని, మతపరమైన భాషను పక్కన పెట్టి, ఆసుపత్రికి వచ్చే ఎవరైనా చేయగలిగేలా మలిచారు. అందువల్ల మొదట ఇది వైద్యం, వ్యాపారం తర్వాత వచ్చి చేరింది.

ఇక ధూసర పదార్థం సంగతి. 2005లో హార్వర్డ్‌కు చెందిన సారా లాజర్ బృందం విపస్సన సాధన చేసే 20 మంది మెదళ్ళను ఎం.ఆర్.ఐ. స్కానులతో పరిశీలించి, సాధన చేయనివారితో పోల్చితే వారి మెదడు పైపొర కొన్ని చోట్ల మందంగా ఉందని ప్రకటించింది. ధ్యానం చేయడం వల్ల ఆ పొర మందమైందా, లేక అటువంటి మెదడు ఉన్నవారే ధ్యానం వైపు మొగ్గు చూపుతారా అన్నది అటువంటి ఒక్క పోలికతో తేలే విషయం కాదు. 2011లో ఆ పరిశోధకులే మరికొందరితో కలిసి ఇంకో అడుగు ముందుకు వేశారు. ఎనిమిది వారాల శిక్షణ పొందిన 16 మందికి శిక్షణకు ముందు, తర్వాత స్కానులు తీసి, శిక్షణ కోసం వేచి ఉన్న 17 మందితో పోల్చి, జ్ఞాపకశక్తికి సంబంధించిన హిప్పోకాంపస్ వంటి భాగాలలో ధూసర పదార్థం పెరిగిందని చూపారు. పత్రికల పతాక శీర్షికలకెక్కిందీ, మీ శిక్షకుడి దాకా చేరిందీ ఆ ఫలితమే. అయితే ఆ రెండు బృందాలలో ఎవరు ఎందులో ఉండాలన్నది చీటీ తీసి నిర్ణయించినది కాదు, పైగా సంఖ్య చాలా చిన్నది.

ఈ కథకు తరువాయి భాగం ఎవరూ చెప్పడం లేదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ డేవిడ్‌సన్ బృందం రెండు పెద్ద ప్రయోగాలను కలిపి 218 మంది ఫలితాలను 2022లో ప్రచురించింది. ఇందులో ఎవరు ఏ బృందంలో చేరాలన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు. ఒక బృందానికి ధ్యాన శిక్షణ, మరొక బృందానికి అంతే సమయం వ్యాయామం, ఆహారం, సంగీతం వంటి వాటిలో శిక్షణ ఇచ్చారు, మూడో బృందాన్ని వేచి ఉంచారు. ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ వల్ల మెదడు నిర్మాణంలో మార్పు వచ్చిన ఆధారం ఏదీ కనిపించలేదు. డేవిడ్‌సన్ దశాబ్దాలుగా ధ్యానం మీద పనిచేస్తున్న శాస్త్రవేత్త, స్వయంగా సాధకుడు. తనకు నచ్చే ఫలితం రాకపోయినా దాన్ని దాచకుండా ప్రపంచం ముందు పెట్టడాన్ని నేను ఎంతో గౌరవిస్తాను. ధ్యానాన్ని ప్రేమించేవారు ఆ నిజాయితీని కూడా ప్రేమించాలి.

అయితే మీ శిక్షణ వృథా అని దీని అర్థం కాదు. 2014లో అమెరికా వైద్య సంఘం వారి పత్రికలో వెలువడిన ఒక సమీక్ష 47 ప్రయోగాలను, 3,515 మంది ఫలితాలను కలిపి చూసి, ఆందోళన, కుంగుబాటు, నొప్పి ఈ మూడింటిలో మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణ కొంత మేలు చేస్తుందనడానికి మధ్యస్థమైన ఆధారాలున్నాయని తేల్చింది. నిద్ర, ఏకాగ్రత, బరువు వంటి విషయాలలో మేలు ఉందనడానికి తగిన ఆధారాలు దొరకలేదు. వ్యాయామం, మందులు, ఇతర చికిత్సల కంటే ధ్యానం మెరుగైనదని కూడా అది చెప్పలేదు. కాబట్టి మెదడు పెంచుకోవడానికి కూర్చోకండి. పగలంతా మీటింగులలో గడిపిన మనసులోని ఆందోళన కొంత తగ్గుతుందేమో చూడటానికి కూర్చోవడం తప్పులేదు. ఎనిమిది వారాల తర్వాత మేలు కనిపించకపోతే మానేయడంలో కూడా తప్పులేదు. నాన్నగారికి ఈ మాటే చెప్పండి.

ప్రశ్న: అయ్యా, నేను మల్లేశ్వరంలో ఉంటున్న విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడిని. బౌద్ధం మతం కాదని, అది మనసుకు సంబంధించిన విజ్ఞానశాస్త్రమని చాలామంది అంటున్నారు. దేనినీ గుడ్డిగా నమ్మవద్దని కాలామ సుత్తంలో బుద్ధుడు చెప్పాడు. ఆచార్య నాగార్జునుడి శూన్యవాదాన్ని క్వాంటమ్ సిద్ధాంతం సమర్థిస్తోందని కూడా చదివాను. మన తెలుగు నేలతో ముడిపడిన ఆచార్యుడు కనుక చదివి సంతోషం కలిగింది. ఇందులో వాస్తవమెంత?

సమాధానం: మాస్టారూ, మీ సంతోషాన్ని నేనూ పంచుకుంటాను, కాని క్వాంటమ్ మాటను ఒప్పుకోలేను. వస్తువులు ఒకదానిపై ఒకటి ఆధారపడి పుడతాయి కాబట్టి వాటికి స్వతంత్రమైన స్వభావం లేదన్నది నాగార్జునుడి వాదం. దాన్ని ఆయన తర్కంతో నిర్మించాడు, దాని లక్ష్యం మనిషి పట్టుకుని వేలాడే అభిప్రాయాలను సడలించి దుఃఖం నుంచి విడిపించడం. క్వాంటమ్ సిద్ధాంతం గణితంతో నడిచి, కొలవదగిన ఫలితాలను ముందుగా చెప్పి, ప్రయోగంలో పరీక్షకు నిలుస్తుంది. రెండూ చెప్పే వాక్యాలు పైకి ఒకేలా వినిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి సాక్ష్యం కాదు. రేపు క్వాంటమ్ సిద్ధాంతం స్థానంలో ఇంతకంటే మంచి సిద్ధాంతం వస్తే నాగార్జునుడు ఓడిపోయినట్లా? కాదని మీరూ అంటారు. ఓడిపోలేనిది ఆ పరీక్షలో గెలవనూ లేదు.

కాలామ సుత్తం విషయంలోనూ ఇటువంటి తొందరపాటే జరుగుతోంది. కేసపుత్త పట్టణానికి వచ్చిన బోధకులు ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పి ఎదుటివారి మాటను తిట్టిపోతున్నారని, ఎవరిది నిజమో తెలియడం లేదని అక్కడి కాలాములు అనే ప్రజలు బుద్ధుడికి మొరపెట్టుకున్నారు. సంప్రదాయమనో, గ్రంథంలో ఉందనో, గురువు చెప్పాడనో ఒప్పుకోవద్దని ఆయన చెప్పిన మాట నిజమే. అక్కడితో ఆగలేదు. లోభం, ద్వేషం, మోహం మనిషి చేత ఏ పనులు చేయిస్తాయో, అవి హానికి దారితీస్తాయా మేలుకు దారితీస్తాయా అని వారినే అడిగి, వివేకులు నిందించే వాటిని విడిచిపెట్టమని చెప్పాడు. ఇది ఎలా బతకాలో తేల్చుకోవడానికి ఇచ్చిన గీటురాయి. ప్రయోగశాలలో ఇద్దరు అపరిచితులు ఒకే కొలతను మళ్ళీ మళ్ళీ రాబట్టి చూసుకునే పద్ధతి వేరు, దాని అవసరమూ వేరు.

అలాగని ఈ రెంటికీ సంబంధమే లేదని కూడా నేను అనను. నిజమైన సంబంధం 1987లో ధర్మశాలలో మొదలైంది. చిలీ దేశానికి చెందిన జీవశాస్త్రవేత్త ఫ్రాన్సిస్కో వరేలా, న్యాయవాది ఆడమ్ ఎంగల్ కలిసి కొద్దిమంది శాస్త్రవేత్తలను దలైలామాతో చర్చకు కూర్చోబెట్టారు. వరేలా ఆలోచన చాలా లోతైనది. మెదడును బయటి నుంచి కొలిచే పరికరాలు మన దగ్గర ఉన్నాయి, కాని లోపల జరిగే అనుభవాన్ని స్పష్టంగా, స్థిరంగా చూసి చెప్పగల మనుషులు లేరు. ఏళ్ళ తరబడి శిక్షణ పొందిన సాధకుడు ఆ లోటు తీర్చగలడని, అతని వర్ణన, యంత్రపు కొలత ఒకదాన్నొకటి సరిదిద్దుకుంటూ ముందుకు సాగాలని ఆయన ప్రతిపాదించారు. ఇందులో ధ్యానం పరీక్షకు గురయ్యే వస్తువు మాత్రమే కాదు, పరిశోధనలో పాలుపంచుకునే పద్ధతి కూడా. నా దృష్టిలో ఈ రంగంలో పుట్టిన అత్యంత విలువైన ఆలోచన ఇదే, దానిమీద జరగవలసినంత పని ఇంకా జరగలేదు.

ఆ దారిలోనే 2004లో డేవిడ్‌సన్, ఆంటోయిన్ లుట్జ్ తదితరులు ఎనిమిది మంది దీర్ఘకాల బౌద్ధ సాధకులను పరిశీలించారు. వారి సాధన 10,000 గంటల నుంచి 50,000 గంటల వరకు ఉంది. కరుణను మనసంతా నింపుకునే ధ్యానంలో ఉన్నప్పుడు వారి మెదడులో గామా తరంగాలు (చాలా వేగవంతమైన విద్యుత్ తరంగాలు), కొత్తగా నేర్చుకున్న పదిమంది విద్యార్థులతో పోల్చితే, చాలా బలంగా, దూర దూర భాగాల మధ్య సమన్వయంతో నమోదయ్యాయి. ఇది ఆశ్చర్యం కలిగించే కొలతే. అయినా ఎనిమిది మందే. వారి వయసు, సంస్కృతి, జీవన విధానం ఆ విద్యార్థులవి కావు. కనుక ఆ తేడా అంతా ధ్యానం వల్లనే అని ఖాయంగా చెప్పలేము. మరుసటి ఏడాది వాషింగ్టన్‌లో నాడీశాస్త్రవేత్తల సమావేశంలో దలైలామా ప్రసంగించడాన్ని వ్యతిరేకిస్తూ 500 మందికి పైగా సంతకాలు చేశారు. మతనాయకుడికి ఆ వేదిక తగదని కొందరు, ధ్యాన పరిశోధన ఇంకా పచ్చిగా ఉందని కొందరు అన్నారు. ఆ అభ్యంతరంలో రెండో భాగం సబబైనదేనని నా అభిప్రాయం.

దలైలామా వైఖరి మాత్రం చాలామంది అనుచరుల వైఖరి కంటే స్పష్టంగా ఉంది. బౌద్ధంలోని ఏదైనా ప్రతిపాదన తప్పని విజ్ఞానశాస్త్రం నిర్ద్వంద్వంగా చూపితే దాన్ని వదులుకోవాలని ఆయన రాశారు, ప్రాచీన బౌద్ధ గ్రంథాలలోని మేరు పర్వతం నడుమనున్న లోకవర్ణనను అలా పక్కన పెట్టారు కూడా. అదే సమయంలో చైతన్యమంతా మెదడు నుంచే పుడుతుందన్న అభిప్రాయాన్ని ఆయన అంగీకరించరు, పునర్జన్మను విడిచిపెట్టలేదు. అంటే ఈ రెండు మార్గాలూ కొంత దూరం కలిసి నడిచి, ఒక చోట విడిపోతున్నాయి. ఆ విడిపోయే చోటును దాచి అంతా ఒకటేనని చెప్పడం ఇద్దరికీ అన్యాయం.

మాస్టారూ, మీకు వీలైతే మైసూరు దాటి, కుశాలనగర్ దగ్గరి బైలకుప్పకు ఒకసారి వెళ్ళండి. అక్కడి సెరా మఠంలోనూ, ఉత్తర కన్నడ జిల్లా ముండగోడులోని డ్రెపుంగ్, గాందెన్ మఠాలలోనూ భిక్షువుల చదువులో భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, నాడీశాస్త్రం చేరాయి. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం ఇందుకు పాఠ్యక్రమం తయారుచేసింది. 2013 జనవరిలో ముండగోడులో శాస్త్రవేత్తలు, వేలాది భిక్షువులు కూర్చున్న పెద్ద సమావేశం కూడా జరిగింది. శతాబ్దాలుగా చప్పట్లు చరుస్తూ తర్కవాదం చేసే ఆ సంప్రదాయంలో పెరిగిన యువ భిక్షువులు పరమాణువు గురించి అడిగే ప్రశ్నలు మీవంటి అధ్యాపకుడు వినదగ్గవి. మన కర్ణాటకలోనే ఇంత పని జరుగుతుంటే మన తెలుగువారికి దాని ఊసు చేరకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ప్రశ్న: వైట్‌ఫీల్డ్ నుంచి రాస్తున్నాను. మా మరిదికి ముప్పై రెండేళ్ళు. రెండేళ్ళుగా డిప్రెషన్‌కు మందులు వాడుతున్నాడు. ధ్యానం మందులతో సమానంగా పనిచేస్తుందని వీడియోలలో చూసి, మాత్రలు మానేసి పది రోజుల మౌన శిబిరానికి వెళతానని పట్టుబడుతున్నాడు. మా అత్తగారు వెళ్ళనీ అంటున్నారు. నాకు భయంగా ఉంది.

సమాధానం: అమ్మా, మీ భయం సరైనదే. ముందుగా ఒక్క మాట: వైద్యుడికి చెప్పకుండా మాత్రలు ఆపనివ్వకండి. ఆ వీడియోలకు ఆధారమైన పరిశోధన ఏమి చెప్పిందో వివరిస్తాను, దాన్ని మరిదికీ, అత్తగారికీ చదివి వినిపించండి.

డిప్రెషన్ నుంచి కోలుకున్నవారికి అది మళ్ళీ రాకుండా చూడటానికి ధ్యానాన్ని, కాగ్నిటివ్ థెరపీని (ఆలోచనల తీరును సరిదిద్దే మానసిక చికిత్సను) కలిపి ఒక పద్ధతి రూపొందించారు. 2000 సంవత్సరంలో 145 మందిపై జరిగిన మొదటి పెద్ద ప్రయోగంలో, అంతకుముందు మూడుసార్లు గాని అంతకు మించి గాని డిప్రెషన్ వచ్చినవారిలో అది తిరగబెట్టడం 66 శాతం నుంచి 37 శాతానికి తగ్గింది. రెండుసార్లే వచ్చినవారిలో అటువంటి మేలు కనిపించలేదు. 2015లో బ్రిటన్‌లో 424 మందిపై జరిగిన మరో ప్రయోగంలో, ఈ శిక్షణ తీసుకుంటూ మందులు తగ్గించుకున్నవారిలో రెండేళ్ళలో 44 శాతం మందికి, మందులు కొనసాగించినవారిలో 47 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. రెండు సంఖ్యలూ ఇంచుమించు సమానం కాబట్టి మందులతో సమానమన్న మాట పుట్టింది. గమనించవలసినది ఏమిటంటే, వారంతా అప్పటికి కోలుకున్నవారు, మందులను వైద్యుల సలహాతో క్రమంగా తగ్గించుకున్నవారు, వారానికొకసారి శిక్షకుడిని కలుసుకున్నవారు. జబ్బు మధ్యలో ఉండగా ఉన్నట్టుండి మాత్రలు పారేసి, మాట్లాడటానికి తోడు లేకుండా, రోజుకు పది గంటల దాకా కళ్ళు మూసుకుని కూర్చోవడం దానికి పూర్తిగా భిన్నమైన పని.

తీవ్రమైన సాధనలో కొందరికి భయం, నిద్ర పట్టకపోవడం, తాను తాను కాదన్న భావన వంటివి కలుగుతాయని ఇటీవలి పరిశోధకులు నమోదు చేస్తున్నారు. ఇది బౌద్ధానికి కొత్త సంగతి కాదు. వైశాలిలో జరిగిన ఒక ఘటన పాళీ గ్రంథాలలో ఉంది. శరీరం పట్ల వైరాగ్యం కలిగించే అశుభ ధ్యానాన్ని బోధించి బుద్ధుడు పక్షం రోజులు ఏకాంతంలోకి వెళ్ళాడు. ఆ సాధన చేసిన భిక్షువులలో చాలామంది తమ శరీరాల మీద రోతతో ప్రాణాలు వదిలారు. తిరిగి వచ్చిన బుద్ధుడు సంఘం పలచబడిందేమని అడిగితే ఆనందుడు జరిగింది చెప్పి, మరొక మార్గం బోధించమని వేడుకున్నాడు. అప్పుడు బుద్ధుడు శాంతమైన, హాయినిచ్చే సాధనగా ఆనాపానసతిని, అంటే శ్వాసను గమనించడాన్ని, బోధించాడు. ఐదవ శతాబ్దంలో బుద్ధఘోషుడు విశుద్ధిమార్గం అనే గ్రంథంలో నలభై ధ్యాన విషయాలను వివరిస్తూ, మనిషి స్వభావాన్ని బట్టి ఏది ఇవ్వాలో ఎంచాలన్నాడు. అందరికీ ఒకే సాధన, ఒకే మోతాదు అన్న ఆలోచన బౌద్ధ సంప్రదాయానిది కాదు.

కాబట్టి మరిదిని ముందు తన మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళి, ధ్యానం మీద ఆసక్తి ఉందని మొహమాటం లేకుండా చెప్పమనండి. వైద్యులు సరేనంటే ఇంట్లో పది నిమిషాలతో మొదలుపెట్టవచ్చు. శిబిరానికి దరఖాస్తు చేసే రోజు వస్తే మానసిక ఆరోగ్యం గురించి అడిగే ప్రశ్నలకు ఉన్నదున్నట్టు రాయాలి. రెండో అభిప్రాయం కావాలంటే హోసూరు రోడ్డులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్ ఉంది. ఏ వేళలోనైనా 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవలో ఉచితంగా మాట్లాడవచ్చు. అతడు చనిపోవాలన్న మాట అన్నట్లయితే ధ్యానం, శిబిరం చర్చ పక్కన పెట్టి, ఒంటరిగా వదలకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ప్రశ్న: జయనగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. చిన్నప్పటి నుంచి విష్ణు సహస్రనామం, రామనామ జపం నాకు అలవాటు. బౌద్ధ ధ్యానం శాస్త్రీయమని, జపం కాదని మా కోడలు అంటోంది. జపంతో ఆ లాభం రాదా?

సమాధానం: వస్తుందమ్మా, కనీసం శరీరానికి సంబంధించినంత వరకు. హార్వర్డ్ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1970 ప్రాంతంలో మంత్రజపంతో ధ్యానం చేసేవారిని పరీక్షించి, ఆ సమయంలో వారి శరీరం ప్రాణవాయువును తక్కువగా వాడుకుంటోందని, శ్వాస నెమ్మదిస్తోందని చూశారు. ఒక మాటనో ప్రార్థననో పదే పదే అనుకుంటూ, మధ్యలో వచ్చే ఆలోచనలను పట్టించుకోకుండా ఉంటే చాలని, ఆ మాట ఏ మతానిదైనా కావచ్చని ఆయన వాదించారు. ఈ కొలతల వరకు యంత్రానికి రామనామమూ ఒకటే, శ్వాసా ఒకటే.

పద్ధతులలో తేడాను పట్టుకోవాలని శాస్త్రవేత్తలు ప్రయత్నించకపోలేదు. 1961లో ఢిల్లీలోని ఎయిమ్స్‌లో బి.కె. ఆనంద్ బృందం సమాధిలో ఉన్న యోగుల మెదడు తరంగాలు బయటి శబ్దాలకూ వెలుగుకూ చెదరలేదని నమోదు చేసింది. 1966లో జపాన్ పరిశోధకులు దీనికి భిన్నంగా, జెన్ భిక్షువుల మెదడు ప్రతి చిన్న శబ్దానికీ మొదటిసారి విన్నట్టే స్పందిస్తోందని ప్రకటించారు. లోకం నుంచి ఇంద్రియాలను మళ్ళించుకునే సాధన ఒకటి, వచ్చిన ప్రతిదాన్నీ తాజాగా గమనించే సాధన మరొకటి అన్న సంప్రదాయపు మాటకు ఇది చక్కగా సరిపోయింది. 1981లో అమెరికాలో మళ్ళీ పరీక్షించినప్పుడు ఆ తేడా కనిపించలేదు. కనుక కోడలితో వాదన పెట్టుకోవలసిన అవసరం లేదు. అయితే బౌద్ధులు మనసు కుదుటపడటాన్ని గమ్యంగా ఎంచరు. కుదుటపడిన మనసుతో శరీరాన్ని, వేదనలను, ఆలోచనలను చూసి, అవి నిలకడలేనివని స్వయంగా తెలుసుకోవాలంటారు, దానికి శీలం పునాది అంటారు. ఆ భాగం మీకు కావాలనిపిస్తే నేర్చుకోవచ్చు, జపం మానవలసిన పని లేదు.

ప్రశ్న: నేను యలహంకలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. నుదుటికి కట్టుకుంటే ధ్యానం ఎంత లోతుగా సాగిందో ఫోన్‌లో మార్కులు చూపే పట్టీ కొనాలనుకుంటున్నాను. కొనవచ్చా?

సమాధానం: ఆ మార్కుల కోసమైతే వద్దు. కళ్ళు మూసుకుని విశ్రాంతిగా కూర్చుంటే చాలు, ఎవరికైనా మెదడులో ఆల్ఫా తరంగాలు (విశ్రాంతి వేళ కనిపించే నెమ్మది తరంగాలు) పెరుగుతాయి. మనిషి మెదడు తరంగాలను మొదట నమోదు చేసిన హాన్స్ బెర్గర్ కాలం నుంచి, అంటే 1929 నాటి నుంచి, తెలిసిన విషయమే ఇది. నుదుటి మీది రెండు మూడు గ్రాహకాలు కనురెప్పల కదలికను, కండరాల బిగుతును కూడా పట్టుకుంటాయి. ప్రయోగశాలలో వాటిని వేరుచేయడానికి పరిశోధకులు చాలా శ్రమపడతారు. పైగా ధ్యానం గురించి బుద్ధుడు చేసిన బోధ అయిన సతిపట్ఠాన సుత్తంలోని సూచన పొడవైన శ్వాసను పొడవైనదిగా, పొట్టి శ్వాసను పొట్టిదిగా తెలుసుకోమన్నదే. మార్కులు పెరిగాయా అని ఎదురుచూసే మనసుకు ఆ పని మీద ధ్యాస నిలవదు. ఆ డబ్బు ఉంచుకుని, ఒక ఆదివారం గాంధీనగర్‌లోని మహాబోధి సొసైటీ విహారానికి వెళ్ళండి. ఆచార్య బుద్ధరక్షిత 1956లో స్థాపించిన సంస్థ అది. ఎలా కూర్చోవాలో, ఎంతసేపు కూర్చోవాలో అక్కడి భిక్షువులను అడిగి తెలుసుకోండి.